నా పుస్తకాలను అడగండి

ఏప్రిల్ 7, ఆదివారం

చూశాను! జయకుమార్ గారిని మా పాళెంలో, మా వలల షెడ్డు ముందర, చెప్పులకు ఇసుక అంటుకుని ఉండగా చూశాను. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో 'రేవు దాటిన రోజు' నవల చదివి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకున్న సుభాషిణిని నేనేనా అని చెయ్యి గిల్లి చూసుకున్నాను. ఆ నవల రాసిన మనిషికి కూడా చెమట పడుతుందని నాకు ఈరోజే తెలిసింది.

రిటైరయ్యాక ఎమ్మెల్యేకి నిలబడుతున్నారు. అందరిలా జీపెక్కి అరవలేదు. కింద నిలబడి మెల్లగా మాట్లాడారు. "ఓట్ల కోసం వచ్చేవాళ్ళు మాటలు చెప్తారు. నేను చెప్పను. నేనెలాంటివాణ్ణో నన్ను అడగొద్దు. నా పుస్తకాలను అడగండి." ఒళ్ళు జలదరించింది. చప్పట్లు కొట్టేశాను. తీరా చూస్తే కొట్టింది నేనొక్కదాన్నే! ఎండుచేపలు తిరగేస్తున్న వనజాక్షక్క నా డొక్కలో పొడిచి, "ఏమ్మే, పుస్తకాలు మాట్లాడతాయంటనా?" అంది.

వెళ్తూ వెళ్తూ ఊరికి మూడు పుస్తకాలు ఇచ్చారు. నవల, కవితలు, ఉద్యోగంలో ఉన్నప్పటి జ్ఞాపకాలు. మూడూ ఇప్పుడు నా సంచిలోనే ఉన్నాయి. ఊరి పెద్ద చిన్నపోలయ్య పెదనాయన నన్నే ఉంచుకోమన్నాడు. వాకాడు బడిలో తెలుగు చెప్పేదాన్ని ఈ పాళెంలో నేనొక్కదాన్నే కదా.

నాయన ఇంటికొచ్చి పాత కథ ఎత్తుకున్నాడు. ఈ జయకుమార్ సారే మా వైపు ఆఫీసరుగా ఉన్నప్పుడు ఊరి పెద్దలంతా పోయిన కథ, సార్ టీ ఇచ్చిన కథ. చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఊ కొడుతూ నవల తిరగేశాను.

ఏప్రిల్ 14, ఆదివారం

ఊరి పెద్దలు కూర్చుని తీర్పులు చెప్పే కూటానికి నన్ను పిలిచారు! ఆడమనిషిని! అమ్మ నమ్మలేదు. "నీళ్ళు పొయ్యమని పిలిచుంటార్లే" అంది.

నేను వెళ్ళేసరికి ఒక పంచాయితీ నడుస్తోంది. పడవ ఇంజను ఎవరిదని అన్నదమ్ములిద్దరూ గొడవ. చివరికి అన్న లేచి, చెంబు నిండా నీళ్ళు ముంచి తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు గటగటా తాగాడు. అంతే, అయిపోయింది. మా కూటంలో సంతకాలుండవు. మాట ఇచ్చేవాడు తన చేత్తో నీళ్ళు అందిస్తాడు. అది తాగాక మళ్ళీ అడిగితే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టే. ఇదంతా పుట్టినప్పటి నుంచి వింటున్నదే అయినా కళ్ళతో చూడటం ఇదే మొదలు. ఎంత అందంగా ఉంది!

తర్వాత పెదనాయన నా వైపు తిరిగాడు. "ఆ సారు ఏమన్నాడు? నన్ను అడగొద్దు, నా పుస్తకాలను అడగండి అన్నాడు. సరే, అడగతాం. పోయినసారి మైకులో మాటలు నమ్మి దురాయి వేసి చెడినాం. ఈసారి పుస్తకాలను అడిగినాకనే. సుభా, నువ్వు చదువు, మేము వింటాం. మన మొగని ఆ మనిషికి అప్పజెప్పొచ్చా లేదా, ఆనక నువ్వే చెప్పాల."

నేనే చెప్పాలట! దురాయి అంటే కూటం ఆజ్ఞ. అది పడితే పాళెం మొత్తం ఓటు ఒక్క మనిషికే. అంత బరువు నా నోటి మీద పెట్టారు. ఇంటికి నడిచి రాలేదు, ఎగురుకుంటూ వచ్చాను.

జయకుమార్ గారు గెలిస్తే మొగ, మా ఏరు సముద్రంలో కలిసే నోరు, మళ్ళీ తెరుచుకుంటుంది. ఇక పడవల్ని ఇసుక మీదుగా భుజాలతో సముద్రంలోకి నెట్టే పని ఉండదు. మొగ పూడిపోయి, వేట గిట్టకే కదా పెంచల్ కృష్ణపట్నం పోర్టులో పనికి పోయాడు! ఆదివారం మొగుడైపోయాడు నాకు. ఫోన్ చేసి చెప్తే, "నీ సార్ని నువ్వే గెలిపిస్తావన్నమాట" అని నవ్వాడు. నవ్వనీ.

ఏప్రిల్ 15

వేట నిషేధం మొదలైంది. మగవాళ్ళంతా ఇళ్ళలోనే ఉంటారు. నాకు ఒంటిపూట బడి. రేపు మధ్యాహ్నం నుంచి చదవడం. ఏ చీర కట్టుకోవాలి?

ఏప్రిల్ 16

షెడ్డు నిండిపోయింది! మగవాళ్ళు వలలు బాగుచేస్తూ ఒకవైపు, ఆడవాళ్ళు రొయ్యపొట్టు చెరుగుతూ ఇంకోవైపు. నేను మధ్యలో స్టూలు మీద. మొదట తడబడ్డాను, తర్వాత నాకే తెలియకుండా పాత్రల గొంతులు వచ్చేశాయి.

తుఫాను వస్తోంది, గట్టు మీద ఆడవాళ్ళు రోదిస్తున్నారు అని చదువుతుంటే వనజాక్షక్క చేట ఆపింది. "అవునుమే, ఇందాకట్నించి చూస్తుండా, ఆ ఊళ్ళో ఆడోళ్ళు గట్టు మీద నిలబడి ఏడస్తానే ఉండారు. మరి చేపలు అమ్మేదెవురు?"

షెడ్డంతా నవ్వు. అది సాహిత్యం అక్కా అన్నాను. "సాహిత్యమైతే మాత్రం కూడొండుకోరా?" అంది. నాకు కోపం వచ్చింది గాని నవ్వు కూడా వచ్చింది. ఇన్నిసార్లు చదివాను, నాకెందుకు తోచలేదు?

కానీ ఆఫీసరు హీరో జనంతో పాటు తుఫాన్లో నిలబడిపోయే చోట అందరూ నా స్టూలు దగ్గరికి జరిగారు. నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, పక్కవాళ్ళతో, "నేనెరుగుదును ఈ సార్ని" అన్నాడు.

హీరో అంటే ఆయనే కదా.

ఏప్రిల్ 20

కవితలు అయిపోయాయి. పుస్తకం మూసి తలెత్తాను. పెదనాయన మర్యాదగా, "ఎప్పుడు మొదలైద్ది పాపా?" అన్నాడు.

ఏప్రిల్ 21, ఆదివారం

పెంచల్ వచ్చాడు. పొద్దున టిఫినయ్యాక వసారాలో కూర్చుని మూడో పుస్తకం ముందుగా చదివేశాను, రేపు షెడ్డులో తడబడకుండా. పేరు 'ఫైళ్ళ వెనక నవ్వులు'. నవల కన్నా బాగుంది! ఈ మనిషికి ఇంత హాస్యం ఉందని తెలియదు. 'టీ మంత్రం' అనే చోట పొట్ట పట్టుకుని నవ్వాను. అది ఇక్కడ రాసుకోవలసిందే.

'తీరం వైపు పల్లె నుంచి కొందరు పెద్దలు వారం వారం నా ఆఫీసుకు వచ్చేవారు. ఏదో తవ్వించమని అడిగేవారు. నా దగ్గర నిధులూ లేవు, వినే ఓపికా లేదు. ఒకరోజు విసుగెత్తి నా సొంత కప్పుల్లో టీ పోయించి, నా చేతులతోనే అందరికీ అందించాను. వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి! ఒకాయన కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. చిత్రమేమంటే ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆనాటి నుంచి నా కింది ఉద్యోగులకు ఒకటే చెప్పేవాణ్ణి: అర్జీకి జవాబు రాయకండి, టీ ఇవ్వండి.'

పెంచల్‌కి చదివి వినిపించాను. నవ్వలేదు.

"ఏ ఊరోళ్ళంట?"

"పేరు రాయలేదు. ఏ ఊరైతే ఏంది?"

"ఏం లేదులే" అని వెళ్ళి మోటారు సైకిల్ తుడుచుకున్నాడు. పోర్టులో చేరినప్పటి నుంచి ఈయనకి దేనికీ నవ్వు రావడంలేదు.

ఏప్రిల్ 22

భోజనాల దగ్గర నాయన మళ్ళీ టీ కథ. ఈసారి ఊ కొట్టలేదు. మొదటిసారి విన్నాను.

"మామూలు గ్లాసులు కాదు పాపా. సారు తాగే కప్పులు, అంచుకి నీలం గీత. బంట్రోతు ఇయ్యబోతే ఆపి, తనే నా చేతికిచ్చినాడు. ఆఫీసరు, మన చేతికి! నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. బయటికొచ్చినాక పోలయ్యతో అన్నా, మొగ తవ్వినట్టేరా అని. మళ్ళీ పోలా. చేతికిచ్చినాక ఇంకా పోయి అడిగితే ఆయన్ని తక్కువ చేసినట్టు గదా. ఎవురో పైనోళ్ళు అడ్డం పడుంటారు, పాపం. లేకుంటే ఆయన చేసేవోడే."

కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

చాలా ఊళ్ళ పెద్దలు ఆఫీసులకు పోతారు. చాలామందికి టీ ఇస్తారు. కళ్ళనీళ్ళు ఎవరికైనా వస్తాయి. మా నాయనే కానక్కర్లేదు.

ఏప్రిల్ 23

కప్పుల గురించి పుస్తకంలో నీలం గీత అని లేదు. మళ్ళీ చూశాను. లేదు.

ఏప్రిల్ 25

జ్ఞాపకాల పుస్తకం బ్రహ్మాండంగా నడుస్తోంది! వరదల్లో ఆయన నడుములోతు నీళ్ళలో నడిచి బియ్యం మూటలు చేర్పించిన చోట వలలు పక్కన పెట్టేసి విన్నారు. అది నిజమేనని, ఆ వరదలో తన మేనమామ ఆయన్ని చూశాడని ఒకరు లేచి చెప్పారు కూడా. "మనిషి మంచోడేబ్బా" అని పెదనాయన తల ఊపాడు. నా గుండె గంతులేసింది. దురాయి పడ్డట్టే!

టైము చాలక ఒకటి రెండు చోట్ల వదిలేశాను. అన్నీ చదవాలంటే ఎలా?

షెడ్డు నుంచి వస్తుంటే వనజాక్షక్క వెంట నడిచింది. "రెండు మూడు కాగితాలు ఒక్కసారిగా తిప్పినావేందిమే?"

"అంటుకోనుండాయక్కా."

"కొత్త పుస్తకం గదా" అంది. ఇంకేం అనలేదు. అంటే బాగుండేది.

ఏప్రిల్ 28, ఆదివారం

శుక్రవారం కూటం. నేను నా మాట చెప్పాలి. సోమవారం సార్ స్వయంగా వచ్చి పాళెం మాట తీసుకుంటారట.

పెంచల్ వచ్చీ రాగానే అడిగాడు. "టీ కథ చదివినావా?"

"టైము లేదు."

"సుభా."

"ఏంది సుభా? ఆయనకన్నా మంచోడు ఎవురు నిలబడినారు చెప్పు! వరదలో నడిచినాడు గదా! మొగ తెరుచుకుంటే నువ్వే గదా ఇంటికొచ్చేది! నేను ఎవురి కోసం చేస్తుండా?"

"నా కోసమైతే చదువు" అన్నాడు. "మీ నాయన మాదిరి నేను కూడా టీ తాగి ఇంటికి రాలేను."

అరిచాను. ఏమేమో అన్నాను. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు, మోటారు సైకిల్ ఇక్కడే వదిలేసి.

ఏప్రిల్ 29

చదవను. నాయన ఈ ఊళ్ళో తలెత్తుకు తిరిగేది ఆ కప్పు వల్లనే. అది పగలగొట్టడానికి నేనెవర్ని?

ఏప్రిల్ 30

చదవకపోతే ఆ మనిషి మళ్ళీ నా చేతనే టీ ఇప్పిస్తున్నట్టు. అంతే కదా? పాళెం మొత్తానికి.

మే 1

నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఆయన దాచుకోలేదు. అచ్చు వేయించి, అందరికీ పంచి, చదవమని చెప్పి వెళ్ళాడు. దాచింది నేను!

మే 3, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడంలేదు.

పొద్దున్నే పుస్తకం తీసుకుని నాయన దగ్గరికి వెళ్ళాను. పడవ నీడలో కూర్చుని వల చిక్కు విప్పుతున్నాడు. నాయనా, నీకొకటి చదివి వినిపించాలి, కూటం కన్నా ముందు నీకే అన్నాను. చదివాను. తలెత్తకుండా చదివాను.

చిక్కు విప్పే చెయ్యి ఆగింది. "ఇంకోసారి చదువు."

మళ్ళీ చదివాను.

"నా పేరు రాసినాడా?"

"లేదు నాయనా. ఎవరి పేరూ లేదు."

"పోనీ, మొగ అని రాసినాడా?"

"ఏదో తవ్వించమని అడిగేవారు, అని ఉంది."

"ఏదో" అన్నాడు. సముద్రం వైపు చూశాడు. "ఏదో అంటనా?"

ఏడుస్తాడనుకున్నాను. ఏడ్చింది నేను. నాయన నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వేందిమ్మా, నువ్వా టీ తాగినావా?" అన్నాడు. కాసేపటికి లేచి పంచె దులుపుకున్నాడు. "కూటంలో చదువు. నేను నీ పక్కనే కూర్చుంటా."

అలాగే కూర్చున్నాడు. ముందుగా, ఆ రోజు కాగితాలు అంటుకోలేదు, నేనే తిప్పేశాను అని చెప్పాను. తర్వాత చదివాను. ఆ రోజు ఆఫీసుకు పోయిన పెద్దలు ఇంకా కొందరు కూటంలోనే ఉన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పెదనాయన చుట్ట ఆరిపోయింది.

"ఇప్పుడు చెప్పు పాపా" అన్నాడు. "అప్పజెప్పొచ్చా?"

నేను రాసుకుని వెళ్ళిన మాటలన్నీ ఎగిరిపోయాయి. నోటికొచ్చింది చెప్పాను. "ఆయన బాగా రాస్తారు పెదనాయనా. వరదలో నడిచింది కూడా నిజమే. ఎదురుగా మునిగిపోతుంటే చేయి ఇస్తారు. కానీ మనం రోజూ పోయి అడిగేవాళ్ళం. అడిగేవాళ్ళను చూస్తే ఆయనకు విసుగు. ఆ విసుగు ఆయనకు తప్పుగా కూడా అనిపించలేదు, నవ్వుకోవడానికి రాసుకున్నాడు. మొగని ఆయన చేతిలో పెట్టొద్దు."

పెదనాయన నెమ్మదిగా తల ఊపాడు. "సారు అబద్ధం చెప్పలా. పుస్తకాన్ని అడగమన్నాడు. అడిగినాం. చెప్పింది."

దురాయి వెయ్యలేదు. ఎవరికీ వెయ్యలేదు! ఈసారి ఎవరి ఓటు వాళ్ళదేనని కూటం తేల్చింది. నాకు ఓటొచ్చిన నాటి నుంచి నా ఓటు నాదవడం ఇదే మొదటిసారి. కూటం బయట నిలబడి విన్న వనజాక్షక్క ఈల వేసింది, నిజంగా ఈల వేసింది!

"మరి సోమవారం సారొస్తే ఏం చెప్తాం?" అని ఎవరో అడిగారు. అందరూ తల గోక్కున్నారు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని కాదు పొమ్మనలేరు మావాళ్ళు, అది చేతకాదు.

అప్పుడు నాయన, కూటంలో అంతదాకా పెదవి విప్పని మా నాయన గంగులయ్య అన్నాడు. "చెప్పేదేముండాది? టీ ఇచ్చి పంపిద్దాం."

ముందుగా పెదనాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు కూటమంతా పాకింది. నవ్వీ నవ్వీ పొలమారి, ఆ రోజు టీ తాగినవాళ్ళు ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు.

పెంచల్‌కి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. అవతల చప్పుడు లేదు. "ఉండావా?" అన్నాను. "ఉండా" అన్నాడు. "నవ్వుతుండా."

మే 6, సోమవారం

వచ్చారు. డప్పులు, దండ, అన్నీ ఘనంగా జరిపించాం. మర్యాదకు లోటు చెయ్యలేదు. షెడ్డులో కుర్చీ వేసి, దాని పక్కన బల్ల వేశాం. టీ నేనే పెట్టాను, అల్లం దంచి వేసి, చిక్కటి పాలతో. టీ మాత్రం బాగుండాలన్నాడు నాయన.

సార్ నన్ను గుర్తుపట్టారు. "ఆ రోజు చప్పట్లు కొట్టిన అమ్మాయివి కదూ! పుస్తకాలు చదివారా?"

"ఊరంతా విన్నాం సార్."

"ఏది నచ్చింది?"

"మూడోది సార్. అందులో టీ మంత్రం."

పకపకా నవ్వారు. "అది అందరికీ నచ్చుతుంది!"

షెడ్డులో అంతమంది ఉన్నారు. ఎవరి ముఖమూ కదల్లేదు. వనజాక్షక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు నాయన లోపలి నుంచి గ్లాసు పట్టుకుని వచ్చాడు. తెల్లటి చొక్కా, ఇస్త్రీ పంచె. మెల్లగా నడిచి సార్ ముందు నిలబడ్డాడు. సార్ నవ్వుతూ చెయ్యి చాపారు. ఊరంతా ఆ చేతినే చూస్తోంది.

నాయన వంగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"తాగండి సార్" అన్నాడు, ఎంతో ప్రేమగా.

సార్ చాపిన చెయ్యి అలాగే బల్ల వైపు పోయింది. గ్లాసు తీసుకుని తాగారు. బాగుందన్నారు. "మీ ఆప్యాయత చూశాక నాకిక ఈ ఊరి గురించి దిగులు లేదు" అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎంత వెలుగో! జీపెక్కి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

జీపు కనుమరుగయ్యాక షెడ్డు మీద పిడుగు పడ్డట్టు నవ్వారు అందరూ. నాయన నవ్వలేదు. ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి, కడిగి, బోర్లించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఓట్లయిపోయినాక కొత్తాఫీసరు దగ్గిరికి పోతాం. పోలయ్యకి చెప్పినా. నువ్వు కూడా రావాల, అర్జీ రాసేదానికి. పెంచల్ని కూడా రమ్మను."

"ఎందుకు నాయనా?"

"ఎందుకేంది? మొగ గురించి అడగొద్దా?" నా వైపు వింతగా చూశాడు. "ఆ సారు మాట ఇయ్యలేదని పుస్తకంలో ఆయనే రాసినాడు గదా. ఇయ్యనప్పుడు మళ్ళీ అడగొచ్చు."

నా చిన్నప్పటి నుంచి నాయన ఎవర్నీ ఏదీ అడగడం నేను చూడలేదు. పుస్తకాలు మూడూ సంచిలోంచి తీసి అటక మీద పెట్టాను. మూడోది మాత్రం మళ్ళీ తీశాను. కొత్తాఫీసరు దగ్గరికి పోయేటప్పుడు వెంట పట్టుకుపోవాలి.